మా ఆయన్ని సెప్టెంబర్‌లో పొమ్మన్నారు, నన్ను బతుకమ్మ ఆడి పొమ్మన్నారు: హన్మకొండలో ఒక ట్యాక్స్ ఆఫీసు గురించి

ముందే చెప్తున్నా, ఈ ఆఫీసు పేరు రాయట్లేదు. ఆఫీసు నడిపే సీఏ మేడమే వద్దన్నారు. సీఏలు (చార్టర్డ్ అకౌంటెంట్లు) తమ ప్రచారం తాము చేసుకోకూడదని వాళ్ల ఇన్‌స్టిట్యూట్ రూలట. "మీరు మెచ్చుకుంటే నేనే రాయించానంటారు, తిట్టాలనుకున్నా పేరు లేకుండానే తిట్టండి" అని నవ్వారు. అందుకే రెండూ చేస్తున్నా, మెచ్చుకోవడం ఎక్కువ, తిట్టడం కొంచెం. హన్మకొండలో కింద జిరాక్స్ షాపు, పైన మూడు గదుల ఆఫీసు, ఇరుకు మెట్లు, వెళ్లినవాళ్లకు అర్థమైపోతుంది.

మా సంగతేంటంటే, మా ఆయనకు కెనడా పీఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది, 2024 జూన్‌లో కాల్గరీలో ఉద్యోగం కూడా ఖాయమైంది. నాకూ పాపకూ ఆయనతో పాటే పీఆర్. ఇక్కడ మాకున్నవి చెప్పుకోవాలంటే ఆయన పేరు మీద ఇల్లు (పైన అత్తమ్మ, కింద కిరాయి), నా పేరు మీద హసన్‌పర్తి వైపు ఒక ప్లాటు, పరకాల దగ్గర మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన 30 గుంటల భూమి, కొన్ని ఎఫ్‌డీలు. గొప్ప ఆస్తులేం కాదు, కానీ వదిలేసి పోయేటంత చిన్నవి కూడా కాదు. ఆరేడేళ్లుగా మా రిటర్నులు వేసే ఒకాయన్ని అడిగితే "పర్మనెంట్‌గా పోతున్నరు గదా, ఇంక ఈడ ఫైలింగ్ ఏం అవసరం లే" అని తేల్చేశాడు. అదే టైంలో బడ్జెట్ వచ్చింది, వాట్సాప్‌లో ఒకటే గోల, ఇన్‌కమ్ ట్యాక్స్ క్లియరెన్స్ లేకపోతే శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కనివ్వరని. ఒకాయనేమో అసలేం అవసరం లేదంటాడు, ఇంకొకరేమో ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపేస్తారంటారు, మా అత్తమ్మకు రెండు రాత్రులు నిద్ర లేదు. ఆ టెన్షన్‌లో మా ఆడపడుచు చెప్తే జూలై చివర్లో ఈ మేడమ్ దగ్గరికి పోయాం.

నాకు బాగా గుర్తుండిపోయింది ఆ మొదటి పావుగంట. జీతమెంత, ఆస్తులెన్ని అని అడగలేదు. "పాస్‌పోర్టులు తెచ్చారా, టికెట్లు ఎప్పటికి?" అన్నారు. అక్టోబర్ 13కు చూస్తున్నాం, దసరా చేసుకుని ముగ్గురం కలిసి పోదామని అనుకుంటున్నాం అని చెప్పా. మేడమ్ లేచి గోడకున్న కిరాణా షాపు వాళ్ల పంచాంగం క్యాలెండర్ తీసి బల్ల మీద పరిచి, ఏప్రిల్ 1 నుంచి నెలనెలా కింద పెన్సిల్‌తో రాసుకుంటూ పోయారు. 30, 61, 91, 122, 153. సెప్టెంబర్ 28 దగ్గర ఆగి సున్నా చుట్టారు. "ఇది 181వ రోజు. మీ వారు దీనికి లోపే ఇమిగ్రేషన్ స్టాంపు వేయించుకోవాలి. 29 అయితే 182."

మా ఆయన అన్నాడు, "మేడమ్, మేం పర్మనెంట్‌గా పోతున్నాం కదా, రోజులతో పనేంటి?"

"ఆ పర్మనెంట్ అన్న మాట బ్యాంకులో చెప్పండి, అక్కడ పనికొస్తుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకు రోజులే కావాలి."

ఇంత సింపుల్‌గా నాకు ఇంకెవరూ చెప్పలేదు. రూలు ఇదీ. ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడుంటే ఆ ఏడాదంతా రెసిడెంట్, అంటే పన్ను లెక్కలో ఇక్కడివాళ్లే. లేదా 60 రోజులే ఉన్నా, అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇక్కడుంటే కూడా రెసిడెంటే. పుట్టినప్పటి నుంచి వరంగల్ దాటని మనలాంటివాళ్లు మే నెలాఖరుకే ఈ రెండో రూల్లో పడిపోతాం. అయితే ఉద్యోగం కోసం దేశం వదిలి వెళ్లే భారత పౌరులకు, వెళ్లే ఏడాదిలో ఆ 60ని 182గా లెక్కేస్తారు. అందుకే మా ఆయన సెప్టెంబర్ 28లోపు పోతే నాన్ రెసిడెంట్, కాల్గరీలో వచ్చే జీతం ఇక్కడ చూపించక్కర్లేదు. దసరా అయ్యాక పోతే 196 రోజులవుతాయి, రెసిడెంట్, మార్చి దాకా అక్కడి జీతం కూడా ఇక్కడి రిటర్న్‌లో పెట్టాలి, అక్కడ కట్టిన పన్నుకు అప్పటి ఫారం 67 వేసి ఇక్కడి పన్నులో క్రెడిట్ తీసుకోవాలి. "రెండు చోట్లా పూర్తిగా కట్టేది ఉండదు, కానీ కాగితాలతో నా ప్రాణం, మీ ప్రాణం పోతుంది" అన్నారు.

సరే, అయితే ముగ్గురం సెప్టెంబర్‌లోనే పోదాం అన్నా. అప్పుడు నా వైపు తిరిగి, "మీరు ఉద్యోగానికి పోతున్నారా?" అన్నారు. లేదు, ఈయన వెంట పోతున్నా, అక్కడికి పోయాక చూసుకుంటా అన్నా. "అయితే మీకా 182 వెసులుబాటు లేదు. మీకు 60 రోజుల రూలే, అది ఎప్పుడో దాటిపోయింది. మీరు రేపు పోయినా, మార్చిలో పోయినా ఈ ఏడు రెసిడెంటే. కాబట్టి తొందరేం లేదు, బతుకమ్మ ఆడుకునే పొండి."

భర్త నాన్ రెసిడెంట్, భార్య రెసిడెంట్, ఒకే ఇల్లు, ఒకే పీఆర్. మా ఆయన మొహం చూడాలి ఆ రోజు. సెప్టెంబర్ 25 తెల్లవారుజామున ఒక్కడే పోయాడు, అప్పటికి 178 రోజులు. నేనూ పాపా ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ ఉండి, అక్టోబర్ 10న పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మను సాగనంపి, దసరా చేసుకుని అప్పుడు బయల్దేరాం. ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం పుణ్యమా అని బతుకమ్మ దక్కింది, అదొక్కటి చాలు నాకు ఈ రివ్యూ రాయడానికి. ఆయనకు మాత్రం ఇంకో దెబ్బ పడింది. ఫిబ్రవరిలో పిన్ని కొడుకు పెళ్లికి రావాలని మేడమ్‌కు ఫోన్ చేస్తే "మూడు రోజులు మిగిలున్నాయి, వచ్చిన రోజూ పోయే రోజూ కూడా లెక్కే" అన్నారు. పెళ్లి వీడియో కాల్లో చూశాడు పాపం.

ఇక ప్లాటు. దీన్ని ఎప్పుడైనా అమ్మొచ్చులే, పోయాక రేటు ఇంకా పెరుగుతుంది అని వదిలేసి పోదామనుకున్నాం. ఆగస్టులో మేడమ్ ఒక తెల్లకాగితం మీద రెండు నిలువు వరసలు గీశారు. 2014లో 18 లక్షలకు కొన్నది, ఇప్పుడు 32 లక్షలు వస్తుంది. 2024 జూలై 23 నుంచి కొత్త పద్ధతి, ఇండెక్సేషన్ (కొన్న ధరకు ధరల పెరుగుదల కలపడం) లేకుండా లాభం మీద 12.5 శాతం, అంటే 14 లక్షల మీద లక్షా 75 వేలు. కానీ ఆ తేదీకి ముందు కొన్న భూమి, ఇల్లు అయితే పాత పద్ధతి, అంటే ధరల పెరుగుదల కలుపుకుని 20 శాతం, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. అలా చేస్తే 95 వేల చిల్లర, పైన సెస్సు. ఈ ఎంపిక ఎవరికుంది? రెసిడెంట్లకే. నేను 2025 మార్చి దాకా రెసిడెంట్‌ని, ఏప్రిల్ నుంచి కాదు. అంతే కాదు, నాన్ రెసిడెంట్ అయ్యాక అమ్మితే కొనేవాళ్లు మొత్తం 32 లక్షల మీద సెస్సుతో కలిపి 13 శాతం, అంటే 4 లక్షల 16 వేలు టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాలి. లాభం మీద కాదండీ, మొత్తం అమ్మకం ధర మీద! తగ్గించుకోవాలంటే ముందే సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి, లేదంటే రిటర్న్ వేసి రీఫండ్ కోసం చూస్తూ కూర్చోవాలి. అదే రెసిడెంట్ అమ్మితే, 50 లక్షల లోపు కాబట్టి టీడీఎస్సే లేదు.

మా ఆయన అప్పుడో తెలివైన ప్రశ్న వేశాననుకున్నాడు. "నా పేరు మీద ఉన్నా నేను పోయే లోపు అమ్మేస్తే సరిపోయేది కదా?" అన్నాడు. కాదట. ఆయన సెప్టెంబర్‌లో పోయినా స్టేటస్ ఏడాది మొత్తానికీ ఒకటే, కాబట్టి ఆగస్టులో అమ్మినా ఆ అమ్మకం నాన్ రెసిడెంట్ లెక్కలోకే వస్తుంది. ప్లాటు నా పేరు మీద ఉండటం మా అదృష్టం, మా తెలివేం లేదు. అక్టోబర్ మొదట్లో రిజిస్ట్రేషన్ చేసి ఇచ్చా, డిసెంబర్ 15లోపు అడ్వాన్స్ ట్యాక్స్ కాల్గరీ నుంచే ఆన్‌లైన్‌లో కట్టించారు. నా మిగతా ఆదాయం చిన్నదే కాబట్టి చివరికి పన్ను ఇంకొంచెం తగ్గింది కూడా.

30 గుంటల సంగతి తొందరగా చెప్పేస్తా. మా తమ్ముడు "అక్కా, అది అమ్మి నర్సంపేట దిక్కు ఎక్కువ వస్తది, కొందాం" అంటూ ఉన్నాడు. ఎన్ఆర్‌ఐ అయ్యాక వ్యవసాయ భూమి కొత్తగా కొనడానికి ఫెమా (విదేశీ మారకం చట్టం) ఒప్పుకోదు. ఉన్నది ఉంచుకోవచ్చు, ఇక్కడి రెసిడెంట్‌కు అమ్ముకోవచ్చు. లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న మున్సిపాలిటీకి 6 కిలోమీటర్లు, పదివేల నుంచి లక్ష ఉన్న దానికి 2 కిలోమీటర్లు దాటి ఉన్న సాగు భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్నే లేదు. ఆ దూరం కూడా రోడ్డు మీద కాదు, కాకి ఎగిరినట్టు నేరుగా కొలుస్తారు. నాన్న ఇచ్చింది, అమ్మే ఉద్దేశం లేదు.

ఫ్లైట్ క్లియరెన్స్ గోల గురించి అడిగితే మేడమ్ రెండు నిమిషాల్లో తేల్చేశారు, ఆ సెక్షన్ ఎప్పటి నుంచో ఉంది, పెద్ద ఆర్థిక నేరాల కేసులున్నవాళ్లకు, 10 లక్షలకు పైన పన్ను బకాయి ఉండి దాని మీద స్టే లేనివాళ్లకు తప్ప మామూలు జనానికి అక్కర్లేదని. ఆగస్టులో ఆదాయపు పన్ను బోర్డు కూడా అదే మాట ప్రకటించింది. అత్తమ్మ ఆ రోజు నిద్రపోయింది.

కిరాయి దగ్గర మాత్రం ఎవరికీ నిద్ర లేదు. కింద పోర్షన్‌లో ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్ ఉంటారు, నెలకు 14 వేలు. ఇంటి ఓనర్ ఎన్ఆర్‌ఐ అయితే కిరాయిదారే 31.2 శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాలి, మొదటి రూపాయి నుంచీ. అంటే 4,368 ప్రభుత్వానికి, 9,632 మాకు. దానికి ఆ లెక్చరర్ పేరు మీద టాన్ నంబర్ (టీడీఎస్ కట్టేవాళ్లకిచ్చే నంబర్) కావాలి, మూడు నెలలకోసారి అప్పట్లో 27క్యూ అనే ఒక స్టేట్‌మెంట్ వేయాలి. ఆయన చేతులు జోడించి "సార్, నేను ఫిజిక్స్ చెప్పుకునేటోణ్ణి, నాకెందుకీ బాధ, ఇల్లు ఖాళీ చేస్త" అన్నాడు. మంచి మనిషి, అత్తమ్మకు మందులు తెచ్చిపెట్టే మనిషి, పోగొట్టుకోలేం. ఆయన టాన్, స్టేట్‌మెంట్లు అన్నీ మేడమ్ ఆఫీసే చేసేటట్టు, ఖర్చు మేం పెట్టుకునేటట్టు ఒప్పించాం. 2025 ఏప్రిల్ తర్వాత మా ఆయనకు ఇక్కడ ఆదాయమంటే ఏడాదికి లక్షా 68 వేల కిరాయి, అందులో 30 శాతం మరమ్మతుల కింద తీసేస్తే 1,17,600, ఇంకా కొంచెం వడ్డీ. కొత్త స్లాబుల పద్ధతిలో 4 లక్షల దాకా పన్ను లేదు, ఆ పరిమితి ఎన్ఆర్‌ఐలకు కూడా ఉంది. అందుకని ఫారం 13 పెట్టి టీడీఎస్ లేకుండా సర్టిఫికెట్ తెప్పించారు, ఐదారు వారాలు పట్టింది. అది ఒక్క ఆర్థిక సంవత్సరానికే, ఏటా మళ్లీ తెచ్చుకోవాలి. ఇంకోమాట, మా తమ్ముడిలాగా "పన్నెండు లక్షల దాకా పన్ను లేదు కదా" అనుకునేవాళ్లు వినండి, అది రిబేటు, రెసిడెంట్లకే ఇస్తారు, ఎన్ఆర్‌ఐలకు లేదు.

బ్యాంకు సంగతి వేరే. ఇక్కడే మేడమ్ చెప్పిన పర్మనెంట్ అన్న మాట పనికొచ్చేది. ఫెమాలో రోజులు కాదు, బయటే ఉండిపోయే ఉద్దేశంతో పోయావా లేదా అన్నది చూస్తారు, పోయిన నాటి నుంచే మామూలు సేవింగ్స్ ఖాతా నడపకూడదు, ఎన్ఆర్ఓగా (ఎన్ఆర్‌ఐలు ఇక్కడి ఆదాయం వేసుకునే ఖాతాగా) మార్చాలి. అంటే అక్టోబర్‌లో పోయిన నేను బ్యాంకుకు ఎన్ఆర్‌ఐ, అదే ఏడాది ఇన్‌కమ్ ట్యాక్స్‌కు రెసిడెంట్! ఖాతా మార్చగానే మా బ్యాంకు నా ఎఫ్‌డీ వడ్డీ 22 వేల మీద 6,864 కోసేసింది, వడ్డీ మీద టీడీఎస్ కోయొద్దని ఏప్రిల్‌లో నేనిచ్చిన 15జీ ఫారం చెల్లదంది. మా తమ్ముడు బ్రాంచికి పోయి నేను రెసిడెంట్‌నని ఎంత చెప్పినా ఆ కౌంటర్ అబ్బాయి వాణ్ణి పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడట. మేడమ్ దాన్ని నా రిటర్న్‌లో ప్లాటు పన్ను కింద జమ చేయించారు. మా ఆయన పీపీఎఫ్ గడువు దాకా నడపొచ్చు, పొడిగించడానికి లేదు, అంతే.

ఇప్పుడు తిట్లు. రిటర్నులు వేసే సీజన్‌లో ఈ ఆఫీసు ఫోన్ ఎత్తదు. 2025లో గడువు జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కు జరిపారు కదా, వీళ్లు కూడా హాయిగా అక్కడి దాకా జరిగారు. సెప్టెంబర్ రెండో వారంలో నా రిటర్న్ డ్రాఫ్ట్ మెయిల్లో వచ్చింది. తెరిచి చూస్తే రెసిడెన్షియల్ స్టేటస్ దగ్గర నాన్ రెసిడెంట్ అని ఉంది! ఆఫీసు కుర్రాడు మా ఆయన ఫైలు చూసి నాది కూడా అలాగే కొట్టేశాడు. ఏ విషయం కోసం మేడమ్ క్యాలెండర్ పరిచి అరగంట చెప్పారో అదే తప్పు, అదే ఆఫీసులో! అలాగే వేసి ఉంటే ఇండెక్సేషన్ పోయేది. పైగా కాల్గరీలో మా జాయింట్ అకౌంట్ విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో లేదు. ఆ ఏడాది రెసిడెంట్‌ని కాబట్టి 2024 డిసెంబర్ దాకా ఉన్న ఖాతా నేను చూపించాల్సిందే, మా ఆయనకు అక్కర్లేదు. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది. స్థిరాస్తి కాకుండా మిగతావి 20 లక్షల లోపుంటే ఆ జరిమానా వద్దని 2024 అక్టోబర్ నుంచి సడలించారు, అయినా ఎందుకు తెచ్చుకోవడం? కాల్గరీలో రాత్రి పదకొండింటికి కూర్చుని వరుసగా నాలుగు సార్లు ఫోన్ చేస్తే ఐదోసారి ఎత్తారు. మేడమ్ సారీ చెప్పి ఆ రాత్రే దిద్ది పంపారు, అది నిజం. కానీ నేను చూడకపోతే? డ్రాఫ్ట్ వస్తే మీరు కూడా మొదటి పేజీ నుంచి చదవండి, అన్నీ వాళ్లే చూసుకుంటారని ఓటీపీ చెప్పేయకండి.

ఫీజులు నాకు అయినవి చెప్తా. మొదటిసారి మాట్లాడినందుకు 1,500, రెండు రిటర్నులకు కలిపి 9,000, ఫారం 13కు 7,000, లెక్చరర్ గారి స్టేట్‌మెంట్లకు మూడు నెలలకు 1,500. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆఫీసు ఇదంతా చేయడానికి 45 వేలు అడిగింది, అది కూడా కిరాయిదారు పని తప్ప. రసీదు అడిగితేనే ఇస్తారు, అడగండి.

నాకు బాగా నచ్చిన ఇంకో విషయం, కెనడా పన్ను గురించి అడిగితే "అది నాకు రాదు, అక్కడివాళ్లనే అడగండి" అన్నారు. తెలిసినట్టు నటించలేదు. అక్కడ అడిగితే తెలిసింది, అక్కడ రెసిడెంట్ అయిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా వాళ్లకు చూపించాలి, ఇక్కడ పన్ను లేని ఎన్ఆర్ఈ (ఎన్ఆర్‌ఐలు విదేశీ సంపాదన వేసుకునే ఖాతా) వడ్డీ కూడా. ఇక్కడి ఇంటి ఖరీదుకు అక్కడి లెక్కలో మనం రెసిడెంట్ అయిన నాటి విలువే ఆధారం, అందుకని ఆ నాటి విలువ కాగితం మీద రాయించి పెట్టుకోవడం మంచిది. మేం పోయే ముందు ఆ పని చేయలేదు, తర్వాత తమ్ముడితో చేయించాం.

2026 జనవరి చివర్లో మేడారం జాతరకు వచ్చినప్పుడు అమ్మవార్లకు పాప ఎత్తు బంగారం (అక్కడ బెల్లాన్ని అలాగే అంటారు) ఇచ్చి, తిరుగు దారిలో ఈ ఆఫీసుకు బెల్లం ప్రసాదం పట్టుకుపోయా. ఆ కుర్రాడే తీసుకున్నాడు, నన్ను చూసి తలొంచుకుని "మేడమ్, మీరు ఇప్పుడు నాన్ రెసిడెంటే కదా?" అన్నాడు. ఇప్పుడు అవును అన్నా. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తోందని, ఫారాల నంబర్లు మారతాయని, ఈసారి ఫారం 13 లాంటివి అడిగేటప్పుడు పాత నంబర్ పట్టుకుని రావద్దని బోర్డు పెట్టారు గోడకు, అదే క్యాలెండర్ పక్కన.

పోవాలనుకునేవాళ్లు టికెట్ బుక్ చేయకముందే పోండి, పాత పాస్‌పోర్టులు కూడా తీసుకుపోండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా లంచ్ అని తలుపేస్తారు, బోర్డు మీద రాయలేదు, ఆ మెట్లు నేను రెండుసార్లు ఉత్తగా ఎక్కి దిగా.